మూడు ‘సరే’లు

“సరే అన్నది నువ్వే. మేమెవరమూ అనలేదు,” అన్నాడు నాబోర్, ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెడుతూ.

చెల్లెలు కూకా బల్ల గుడ్డ మడత సరిచేసింది. ఆదివారం భోజనం గిన్నెల్లోనే చల్లారిపోతోంది. కోడికూర మీద మోలె పులుసు తెట్టు కడుతోంది. తల్లి దోన్యా ఎలోయినా తోర్తియా రొట్టెల మీది గుడ్డ తీసి, వేడి చూసి, మళ్లీ కప్పేసింది.

“ఒకసారి కాదు, మూడుసార్లు అన్నావు. పైగా చివర్లో థాంక్యూ ఒకటి. దేనికే ఆ థాంక్యూ? పిల్లని పంపనందుకా?”

నాబోర్‌కు ఇంగ్లీషు రాదు. అయినా ఎస్, ఓకే, థాంక్యూ అర్థం కాకపోవడానికి మనిషి పుట్టు చెవిటివాడై ఉండాలి. మిగతాది ఫోన్ పెట్టాక కూకాయే చెప్పింది. నయేలి ఈ జూలైకి రావడం లేదు. అమెరికాలో, ఒహాయోలో సరస్సు ఒడ్డున పిల్లల వేసవి శిబిరం ఉందట, ఈతా పడవలూ నేర్పుతారట, అందులో చేర్పించాలనుకుంటున్నాడట వాళ్ల నాన్న రస్సెల్. మీకేం అభ్యంతరం లేదుగా అని అడిగాడు. అడిగాడు, అదీ అసలు సంగతి. అడిగినప్పుడు కూకా సరే అంది.

“మరేమనాలిరా?” అంది దోన్యా ఎలోయినా. “మర్యాదగా అడిగినవాడి మొహం మీద వద్దు అనాలా? అది నా పెంపకం కాదు.”

“అమ్మా, నీ పెంపకం వల్లే ఇదంతా.”

“నేనైనా సరే అనేదాన్ని. మూడుసార్లు సరే అన్నానంటే ఇష్టం లేదని చంటిపిల్లాడికైనా తెలియాలి. అతనికి తెలియలేదంటే తప్పు అతనిది.”

దోన్యా ఎలోయినా అన్నదాంట్లో అబద్ధం లేదు. ఈ అట్లిస్కో ఊళ్లో ఇష్టమున్నవాడు ఒక్కసారి సరే అని లేచి పనిలోకి దిగుతాడు. ఇష్టం లేనివాడే అయ్యో తప్పకుండా, దానికేముంది, మీరు చెప్పాక కాదంటానా అని మూడు వంకర్లు తిరుగుతాడు. అవతలివాడు అది విని, సర్లెండి మరోసారి చూద్దాం అని తనే వెనక్కి తగ్గుతాడు. ఎవరి పరువూ పోదు. పెళ్లి సంబంధాలు కూడా ఇక్కడ ఇలాగే తప్పిపోతాయి. ‘వద్దు’ అనే మాట ఎవరి నోటా పలకకుండానే ఒక పెళ్లికొడుకు తన దారిన తను పోతాడు.

ఒహాయోలో మాత్రం సరే అంటే సరే.

“మొహమాటానికి పోతే కడుపైందని ఊరికే అనలేదు పెద్దలు,” అన్నాడు నాబోర్.

“ఆదివారంపూట భోజనం దగ్గర ఏం మాటలురా అవి.”

“ఇంకేం మాటలు మాట్లాడమంటావు? నెలల తరబడి ఇంగ్లీషు క్లాసులకి వెళ్లింది. మొక్కల నర్సరీలో పని మధ్యలో వదిలేసి మరీ వెళ్లింది. నేర్చుకున్నదేమిటయ్యా అంటే, మన భాషలో పోగొట్టుకునేదాన్ని ఇంగ్లీషులో పోగొట్టుకోవడం.”

కూకా లేచి గిన్నెలు తీయడం మొదలుపెట్టింది. ఎవరూ ఇంకా తినలేదని అప్పటికి గాని ఆమెకు స్ఫురించలేదు. తీసిన గిన్నెలు మళ్లీ పెట్టింది. నాబోర్ అది చూసి తల తిప్పుకున్నాడు. నోరు దురుసే గాని, చెల్లెలు నొచ్చుకుంటే చూడలేని మనిషి.

ముగ్గురూ చల్లారిన కూరే తిన్నారు.

నయేలి అంటే కూకా వాళ్ల అక్క ఓడిలియా కూతురు. కార్ల ఫ్యాక్టరీకి ఇంజనీరుగా వచ్చిన రస్సెల్‌ను ఓడిలియా కోరి చేసుకుంది. పిల్లకు పళ్లు రాకముందే జబ్బుచేసి పోయింది. ఊళ్లు తిరిగే ఉద్యోగం అతనిది, చంటిదాన్ని ఎక్కడ తిప్పుతాడు? కూకా చేతుల్లో పెట్టాడు. ఏడేళ్లు వచ్చేదాకా ఆ పిల్ల కూకా వీపునానుకుని పడుకుంది. తీయా అంటే పిన్ని. ఆ మాట నయేలి పిలిచినట్టు పిలిచినవాళ్లు లేరు, చివర్లో కొంచెం సాగదీసి. తర్వాత రస్సెల్‌కు స్వదేశంలో ఒకచోట కుదురుకునే ఉద్యోగం దొరికింది, కన్నతండ్రి వచ్చి తన కూతుర్ని తను తీసుకువెళ్లాడు. అందులో అన్యాయమేముంది? ఏమీ లేదు. కూకాను కాల్చుకుతినేది అదే. నిందించడానికి మనిషి కూడా లేడు.

ప్రతి జూలైకీ పంపిస్తానన్నాడు. మొదటి జూలైకి పంపాడు. రెండో జూలైకి తన తల్లిదండ్రుల దగ్గరికి తీసుకెళ్లాలన్నాడు, కూకా సరే అంది. ఇది మూడోది. ఇది కూడా పోతే నాలుగోదాన్ని అతను అడగను కూడా అడగడు. పిల్ల జూలైలు వేరే చోట స్థిరపడిపోతాయి. కూకాకు అది రాసిపెట్టినట్టు తెలుసు.

సంతలో ఏ పిల్లయినా తీయా అని అరిస్తే ఇప్పటికీ ఆమె మెడ తనంతట తనే తిరుగుతుంది. ఒకోసారి జవాబు కూడా చెప్పేస్తుంది. “ఏంటమ్మా,” అని అనేశాక, ఎవరూ చూడకపోతే బాగుండునని చుట్టూ చూస్తుంది.

భోజనాలయ్యాక నాబోర్ మెత్తబడ్డాడు. వచ్చే ఆదివారం తను మాట్లాడతానన్నాడు. ఫోన్లో మాటను మాటకు మార్చిపెట్టే యంత్రం ఏదో వచ్చిందట, తను స్పానిష్‌లో అన్నది అది ఇంగ్లీషులో అంటుందట. తల్లి ఆ సంగతి తేలిగ్గా కొట్టిపారేసింది. మనిషిని మనిషి అడగాలి గాని డబ్బా అడిగితే ఎవరు ఇస్తారు అంది. దానికంటే మోలె ముద్ద ఒక డబ్బాడు పంపితే అతనే గ్రహిస్తాడంది.

“నేనే మాట్లాడతాను,” అంది కూకా.

“మాట్లాడి?” అన్నాడు నాబోర్.

కూకా బల్ల తుడిచింది. గిన్నెలు ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది.

*

ఒక్క మాట చెప్పుకోవాలి. కూకాకు మాట్లాడటం రాదని ఎవరైనా అంటే కాబ్రేరా పేటంతా నవ్వుతుంది. ఆ పేట నిండా నర్సరీలే. బంతి నారు, జెరానియం కుండీలు, గులాబీ అంట్లు ఎవరి దగ్గరైనా ఒకటే. జనం మాత్రం కూకా దగ్గరికే వస్తారు. ముందు వాళ్లమ్మ మోకాలి నొప్పి గురించి అడుగుతుంది. తర్వాత కొడుకు చదువు. తర్వాత పోయినసారి తీసుకెళ్లిన మొక్క బతికిందా అని. ఈ లోపల చెయ్యి ఊరుకోదు, ఒక కుండీ తుడిచి పక్కన పెడుతుంది. ధర అడిగే వేళకి ఆ కుండీ ఎప్పుడో వాళ్లదైపోయి ఉంటుంది. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు చంకలో రెండు కుండీలతో పోతారు, పైగా ఆశీర్వదించి పోతారు.

ఆ నేర్పు రస్సెల్ ముందు ఎందుకూ పనికిరావడం లేదు. వాళ్లమ్మ ఆరోగ్యం అడిగేసరికి అతను గడియారం చూసుకుంటాడు. అక్కడి వాతావరణం దగ్గరికి వచ్చేసరికి వేరే ఫోన్ మోగుతుంది. అసలు విషయం కూకా గొంతులోనే ఉండిపోతుంది.

సోమవారం సాయంత్రం చర్చి పక్క హాల్లో క్లాసు అయిపోయాక, అందరూ వెళ్లేదాకా కుర్చీలు సర్దుతూ నిలబడింది. టీచరు యదీరా బోర్డు తుడుస్తూ ఓరకంట చూసింది.

యదీరా ఈ ఊళ్లో పుట్టిందన్న మాటే గాని, నడక నేర్చిందీ బడికి వెళ్లిందీ అమెరికాలో, ఫీనిక్స్‌లో. పెద్దదయ్యాక కాగితాలు లేవని అక్కడివాళ్లు పంపించేశారు. పగలంతా పక్కనున్న ప్యూబ్లా నగరంలో కాల్ సెంటర్లో కూర్చుని, ముక్కూ మొహం తెలియని అమెరికావాళ్లకు ఫోన్లోనే బీమా అంటగడుతుంది. సాయంత్రాలు ఇక్కడ పాఠాలు. బస్సు ఎక్కడం, మందుల షాపులో అడగడం, ఫోనెత్తి పలకరించడం, ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు మాట్లాడటం. ఆమె ఇంగ్లీషు గడగడా పారుతుంది. స్పానిష్ మాట్లాడేటప్పుడే ఒక్కో మాటా వెతుక్కుంటుంది.

కూకా జరిగిందంతా చెప్పింది. యదీరా మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని, బల్ల మీద ఎక్కి కూర్చుంది.

“నీకేం కావాలి?” అని అడిగింది. “ఇంగ్లీషులో కాదు. మన భాషలోనే చెప్పు.”

“ఆయనకి వీలైతే, పిల్ల చదువుకి అడ్డం రాకపోతే, కొద్ది రోజులైనా...”

“అది నువ్వు సరిపెట్టుకునేది. నీకేం కావాలి?”

కూకా చేతిసంచీ పట్టీని వేలికి చుట్టుకుంది, విప్పింది. “శిబిరం కూడా మంచిదేనంట. ఈత నేర్పిస్తారంట...”

“అది ఆయనకి కావలసింది. నేనడిగేది నీ గురించి.”

 కూకాకు ఒక్కసారిగా కళ్లు నిండాయి. తను ఇంత వయసొచ్చి, తనకంటే చిన్నదాని ముందు, కుర్చీల మధ్య నిలబడి ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. అయినా ఆగలేదు.

“నా పిల్ల నాకు కావాలి. నా వీపుకి ఆనుకుని పడుకోవాలి. పొద్దున్నే దాని జుట్టు నేను దువ్వాలి. ఇంకేం వద్దు నాకు.”

“అదీ,” అంది యదీరా మెల్లగా. “ఇది ఆయనకి చెప్పకు. నాలుక కింద పెట్టుకో. ఇది ఉంటేనే పైకి చెప్పే మాట నిలబడుతుంది.”

తర్వాత పని మొదలుపెట్టింది. మొదటి వాక్యంలోనే కావలసింది అడగాలి. రెండో వాక్యంలో కారణం చెప్పాలి, ఒక్కటే చెప్పాలి, రెండు చెబితే రెండూ బలహీనమవుతాయి. ఆ కారణం నీది కాకూడదు, వినేవాడిదై ఉండాలి. ఆ తర్వాత నోరు మూసుకోవాలి. అన్నిటికంటే కష్టం ఇదే. అవతలివాడు ఆలోచించుకుంటుంటే ఆ ఖాళీ చూసి మనం ఆగలేం, ఏదో ఒకటి అనేస్తాం. ఎవరు ముందు నోరు విప్పితే వాళ్లదే నష్టం. కాల్ సెంటర్లో తనకు అన్నం పెడుతున్నది ఆ మౌనమేనంది.

కూకా నోరు తెరిచింది. పలకరింపు లేదు, క్షేమసమాచారం లేదు, తిన్నగా అడిగెయ్యడమా? గుమ్మంలో చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి పోయి గిన్నె మూత తీసినట్టు ఉంటుంది గదా అంది.

“వాళ్లకి అదే మర్యాద. వాళ్ల టైము తినకపోవడం,” అంది యదీరా. “రా, నేనే రస్సెల్‌ని. మొదలుపెట్టు.”

మొదటిసారి కూకా అలవాటుగా రస్సెల్ తల్లి గురించి అడిగేసింది. రెండోసారి తిన్నగానే అడిగింది. జూలైలో నయేలి ఇక్కడికి రావాలి. చక్కగానే అంది. రస్సెల్ వేషంలో ఉన్న యదీరా చేతులు కట్టుకుని పలక్కుండా కూర్చుంది. ఆ మౌనం రెండు ఊపిరులు దాటిందో లేదో, కూకా నోట్లోంచి ‘పర్లేదులెండి, ఇబ్బందైతే వద్దు’ అన్నది దానంతటదే వచ్చేసింది.

“పోయింది జూలై,” అంది యదీరా.

ఆ వారమంతా సాయంత్రాలు జూలై పోతూనే ఉంది. ఒకరోజు కూకా నవ్వేసింది, ఒకరోజు దగ్గింది, ఒకరోజు ‘థాంక్యూ’ అనేసింది. యదీరా విసుక్కోలేదు. గురువారం మాత్రం, తాళం వేస్తూ, తన సంగతి ఒకటి చెప్పింది. వాళ్లమ్మ ఇంకా ఫీనిక్స్‌లోనే ఉందట. ఫోన్ చేసినప్పుడల్లా ఎప్పుడొస్తావే అని అడుగుతుందట. ఎంతమందిని ఎన్నిటికో ఒప్పించాను గాని, మా అమ్మని ఆ మాట అడగొద్దని ఒప్పించలేకపోతున్నానంది. కూకా ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

*

శనివారం పొయ్యి దగ్గర దోన్యా ఎలోయినా పిండి ముద్దలు చేస్తూ సలహా ఇచ్చింది. నాకు రక్తపోటు ఎక్కువైందని చెప్పు, ఈ ఏడు దాటనేమోనని డాక్టరు అన్నాడని చెప్పు. ఏ మగాడైనా కరుగుతాడు.

“నిజమే చెప్పాలంటమ్మా. అదీ ఒక్కటే.”

“నిజం చెబితే పనులవుతాయా? మీ టీచరమ్మకి పెళ్లయిందా?”

“లేదు.”

“అనుకున్నాను,” అని దోన్యా ఎలోయినా పిండిని గట్టిగా ఒత్తింది.

ఒక్క కారణం. కూకా వారమంతా దాని కోసమే వెతికింది. తనకు కావలసిన కారణాలు సంచులకొద్దీ ఉన్నాయి. రస్సెల్‌కు పట్టేది ఏది? తోర్తియాను పెనం మీద తిప్పుతుంటే పోయిన ఆదివారం కంటే ముందు ఆదివారం గుర్తొచ్చింది. అమ్మ ఫోన్లో నయేలిని ఏదో అడిగింది, ఏం తిన్నావు తల్లీ అనో ఏమో, చిన్న మాటే. నయేలి నవ్వింది. జవాబు చెప్పలేదు. అమ్మ మళ్లీ అడిగింది, పిల్ల మళ్లీ నవ్వింది. పక్కనుంచి రస్సెలే తన వచ్చీరాని స్పానిష్‌లో జవాబు చెప్పాడు. అప్పుడతని మొహం ఎలాగో అయింది. ఆ వచ్చీరాని భాష ఓడిలియా కోసం నేర్చుకున్నది.

పిల్ల వాళ్లమ్మ భాష మర్చిపోతోంది. ఇదీ కారణం.

పెనం మీద తోర్తియా మాడింది. తల్లి మాడిన వాసనకు ముక్కు చిట్లించి, కూతురి మొహం చూసి, తనే దాన్ని తీసి పక్కన పడేసింది.

*

ఆదివారం చర్చిలో పూజ నుంచి వచ్చాక ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. నాబోర్ ఫోన్‌ను పంచదార డబ్బాకు ఆనించి నిలబెట్టాడు. దోన్యా ఎలోయినా నల్ల శాలువా తీసి నీలం శాలువా కప్పుకుంది. రస్సెల్ మొహం తెర మీదికి రాగానే ముగ్గురూ ఒకేసారి నవ్వారు.

పలకరింపు ఒక్క ముక్కలో ముగించి, కూకా ఊపిరి తీసుకుంది.

“రస్సెల్, జూలైలో నయేలి ఇక్కడికి రావాలి. అది నాకు కావాలి,” అంది ఇంగ్లీషులో.

బల్ల కింద తల్లి ఆమె తొడ మీద గిల్లింది. దోన్యా ఎలోయినాకు భాష రాదు గాని, వియ్యపురాలి ఆరోగ్యం అడగలేదని తెలిసింది, ఆమె పేరు వినపడలేదు కదా.

రస్సెల్ కనుబొమలు పైకి లేచాయి. “నేను అడిగినప్పుడు మీకు పర్లేదన్నారు,” అన్నాడు.

ఇది యదీరా చెప్పిన పాఠంలో లేదు. కూకా బల్ల అంచు పట్టుకుంది.

“నా నోరు సరే అంది. అది సరే కాదు. మాకు వద్దు అనడం కష్టం. చిన్నప్పట్నించీ కష్టం. అందుకని ఇవాళ చెబుతున్నాను. శిబిరం వద్దు. నయేలి స్పానిష్ మర్చిపోతోంది. ఇంకో ఏడాదైతే మా అమ్మా తనూ మాట్లాడుకోలేరు. ఓడిలియా మాటలు తనకి ఉండవు.”

ఆపేసింది.

తెర మీద రస్సెల్ కదలకుండా కూర్చున్నాడు. కూకా నాలుక పైకి లేచింది. ఇబ్బందైతే పర్లేదులెండి, అదిగో వచ్చేస్తోంది. పళ్లు బిగించింది. పక్కన నాబోర్ ఏమైందే అని గుసగుసలాడాడు, కాలితో అతని కాలు తొక్కింది. నా పిల్ల నాకు కావాలి, నా పిల్ల నాకు కావాలి అని లోపల్లోపల అనుకుంటూ నోరు విప్పకుండా కూర్చుంది. ఆ కాసేపూ ఆమెకు ఓ ఉపవాసమంత పొడుగ్గా తోచింది.

రస్సెల్ అరచేత్తో మొహం రుద్దుకున్నాడు. తర్వాత మెల్లగా నవ్వాడు.

“ఓడిలియా కూడా ఇంతే. పెళ్లైన కొత్తలో అన్నిటికీ సరే అనేది. ఏది సరేనో ఏది కాదో తెలుసుకునేలోపే...” అని ఆపాడు. కిటికీ వైపు చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. “మీరు నాతో ఇలా మాట్లాడటం ఇదే మొదటిసారి, కూకా. చెప్పినందుకు సంతోషం. జూలై అంతా మీ దగ్గరే. టిక్కెట్టు నేను కొంటాను.”

జూలై అంతా. కూకా విన్నదాన్ని లోపల ఇంకోసారి చెప్పుకుని చూసుకుంది, పొరబడలేదు. తిరిగి తల్లికీ అన్నకూ చెప్పింది. దోన్యా ఎలోయినా శిలువ గుర్తు వేసుకుని శాలువా చెంగుతో కళ్లొత్తుకుంది. నాబోర్ చెల్లెలి నెత్తి మీద చేత్తో రెండుసార్లు తట్టాడు. వారం రోజులుగా అన్న మాటలన్నిటికీ అతనికి తెలిసిన క్షమాపణ అది. గోడకవతల గదికి వెల్ల వేయించాలని అప్పుడే మొదలుపెట్టాడు. తల్లి అంతకంటే ముందుకెళ్లింది. పిల్లకు ఇష్టమని గుమ్మడిపూల కూర, తియ్యటి జావ, ఏ రోజుకు ఏది అని లెక్కలు వేస్తోంది.

కూకాకు ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఇంత తేలికా? రెండేళ్లుగా గొంతులో పెట్టుకు తిరిగినది అడిగితే వచ్చేదేనా? అడగందే అమ్మయినా పెట్టదని ఆమె ఎందరికి చెప్పలేదు.

“నెల్లీ,” అని రస్సెల్ లోపలికి పిలిచాడు. వాళ్లింట్లో నయేలి పేరు అదే. “ఇలా రా. పిన్ని ఉంది.”

నయేలి వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. పొడుగైంది. జుట్టు భుజాల దాకా కత్తిరించేశారు, దువ్వి జడ వేయడానికి అందదు. చెయ్యి ఊపి, “ఓలా, తీయా,” అంది. సాగదీయలేదు.

నాబోర్, దోన్యా ఎలోయినా ఒకరి మీద ఒకరు పడుతూ ఏవేవో అడిగారు. పిల్ల నవ్వింది. రస్సెల్ కూతురి భుజం మీద చెయ్యి వేసి జూలై సంగతి చెప్పాడు. పిల్ల నవ్వు చెరగలేదు. తెర వైపే చూస్తూ, ఆ నవ్వుతోనే, గబగబా ఇంగ్లీషులో తండ్రితో అంది:

“వెళ్లక్కర్లేదన్నావుగా, నాన్నా. నాకు వెళ్లాలని లేదు. వాళ్ల మాటలు నాకు అర్థం కావు. అందరూ చుట్టూ కూర్చుని నన్నే చూస్తారు. నేను ఇలా నవ్వుతూనే ఉండాలి. బుగ్గలు నొప్పెడతాయి.”

“నెల్లీ,” అన్నాడు రస్సెల్ తగ్గు గొంతుతో. తెర వైపు ఒక్కసారి చూసి చూపు దించుకున్నాడు. అంత వేగం కూకాకు అందదని అనుకుని ఉంటాడు.

ఆ వేగం యదీరాది. కొన్ని నెలలుగా కూకా చెవిలో పడుతున్నది ఆ వేగమే. ఒక్క మాట కూడా జారిపోలేదు. బస్సులో, మందుల షాపులో, ఫోన్లో పనికొస్తుందని నేర్చుకున్న భాష, ఆమెకు మొదటిసారి పూర్తిగా అర్థమైంది ఇప్పుడు.

“ఏమంటోందే?” అంది దోన్యా ఎలోయినా. “చూడు, ఎంత నవ్వుతోందో నా తల్లి.”

“ఉండమ్మా.”

కూకా ముందుకు వంగింది.  ఇంతవరకూ ఆ పిల్లతో ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడలేదు ఆమె. ఆ భాష పిల్ల తండ్రి కోసం నేర్చుకున్నది, పిల్లతో మాట్లాడటానికి తన భాష ఉందిగా అనుకుంది.

“నయేలీ,” అంది ఇంగ్లీషులో. “నాకు అర్థమైంది.”

పిల్ల మొహం మీది నవ్వు ఠక్కున ఆగిపోయింది. ఇన్నాళ్లకు ఆ పిల్ల తెర వైపు కాకుండా కూకా కళ్లలోకి చూసింది.

“అంతానా?”

“అంతా.”

“విన్నావురా, నాబోర్,” అంది దోన్యా ఎలోయినా ఆనందంతో కొడుకు మోచెయ్యి పట్టుకుని. “ఇద్దరూ ఎంత చక్కగా మాట్లాడుకుంటున్నారో. క్లాసులు దండగన్నావు కదా, ఇప్పుడు చెప్పు.”

నయేలి కింది పెదవి కొరుక్కుంది. చిన్నప్పుడు గాజు గ్లాసు పగలగొట్టి మంచం వెనక దాక్కున్నప్పుడు చూసిన చూపు అది. ఆ చూపు మాత్రం మారలేదు. దాన్ని చూడగానే కూకాకు ఆ పిల్ల మీద ఉన్న బెంగ అంతా ఒక్కసారి పొంగి పైకొచ్చింది. తెరలోకి చెయ్యి పెట్టి లాగేసుకోవాలనిపించింది.

“కోపమొచ్చిందా?” అంది పిల్ల.

“లేదు.”

నిజమో కాదో ఆమెకే తెలియదు.

“అయితే...” నయేలి తండ్రి వైపు చూసింది. రస్సెల్ కూకా వైపు చూశాడు. మాట ఇచ్చేశాడు, ఇచ్చిన మాట వెనక్కి తీసుకునే మనిషి కాడు. ఇక అది కూకా ఇష్టం. పిల్ల అది గ్రహించినట్టే మళ్లీ ఇటు తిరిగింది. తిన్నగా, ఏ మొహమాటమూ లేకుండా అడిగింది. “అయితే నేను రావాల్సిందేనా?”

తెరకవతల ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. ఆమె ఏమంటే అదే అర్థం చేసుకుంటారు. అటువైపు మాట ఒక్కసారి అంటే చాలు.

దోన్యా ఎలోయినాకు ప్రశ్న అర్థం కాలేదు. పిల్ల కళ్లల్లో నీళ్లు మాత్రం కనిపించాయి, అవి సంతోషానికే అనుకుంది. కూతురి చెయ్యి పట్టుకుని నొక్కింది.

“పాపం, పిల్ల ఏదో అడుగుతోందే. చూస్తావేంటి? సరే అను, తల్లీ. సరే అను.”